తోక లేని పంది

నేను పంటలకు బీమా చేయిస్తాను. వడగళ్ళు, వరద, కరువు, పురుగు, వీటన్నిటి గురించీ రైతుల వంటింటి బల్లల దగ్గర కూర్చుని హెచ్చరిస్తూ ఉంటాను. ప్రమాదం ఎటునుంచి వస్తుందో ముందే ఊహించడం నా వృత్తి. పోయిన థాంక్స్‌గివింగ్ పండగనాడు మా గరాజును తగలబెట్టింది నేనే.

బయట చలి ఎక్కువగా ఉందని టర్కీ కోడిని గరాజులో వేయిద్దామనుకున్నాను. కోడి లోపల ఇంకా మంచుగడ్డలాగే ఉంది. నూనె బాగా కాగి ఉంది. ఆ రెండిటికీ పరిచయం చేశాను. మా మిన్నెసోటాలో ఇలాంటి పని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు గనక మిగతాది వివరించను.

ఎవరికీ ఏమీ కాలేదు. పది నిమిషాల్లో ఫైరింజను వచ్చింది. మా ఊళ్ళో ఆ పనికి జీతగాళ్ళు ఉండరు, ఊళ్ళోవాళ్ళే పళ్ళెం ముందునుంచి లేచి వస్తారు. ధాన్యం గోదాము చూసుకునే డెల్మర్ వాళ్ళకి పెద్ద. మిగతావాళ్ళు నీళ్ళు కొడుతుంటే అతను మా అమ్మాయి సిగ్నెను తీసుకెళ్ళి ఇంజను మెట్టు మీద కూర్చోబెట్టి, బండిలోంచి ఒక బొంత తీసి చుట్టాడు. ఇల్లు అంటుకున్నప్పుడు పిల్లలకి కప్పడానికని బండిలో బొంతలు ఉంచుతారు. వాటిని కుట్టి పంపేది కూడా ఎక్కడెక్కడి పిల్లలో. సిగ్నెకు అప్పుడు ఎనిమిదేళ్ళు. గడగడ వణుకుతోంది. ఏడుపు కూడా రావడం లేదు.

బొంత మధ్యలో పసుపుపచ్చ బొమ్మ ఒకటి కుట్టి ఉంది.

"బాతు బాగుంది కదూ," అన్నాడు డెల్మర్.

సిగ్నె చూసింది. "అది బాతు కాదు. కెటిలు."

"కెటిలుకి కాళ్ళుంటాయా?"

"అవి కాళ్ళు కాదు. కారిపోతున్న టీ."

"నాకు యాభై ఎనిమిదేళ్ళమ్మా. నేను చాలా బాతుల్ని చూశాను."

"మరి టీ చూళ్ళేదా?"

గరాజు కప్పు కూలింది. వాళ్ళిద్దరూ అటు తిరగనైనా లేదు. నేను చేతిలో పట్టకారుతో పచ్చిక మీద నిలబడి చూస్తున్నాను. మా పిల్ల నవ్వుతోంది.

ఆ బొంత ఇప్పటికీ సిగ్నె మంచం మీదే ఉంది. సరుకుల కొట్లో కనిపించినప్పుడల్లా డెల్మర్ "బాతు కులాసాయేనా?" అంటాడు. "కెటిలు బానే ఉందండీ," అంటుంది ఇది.

అందుకే, ఈ వసంతంలో పిల్లల క్లబ్బు తరఫున ఫైరింజనుకి ఒక బొంత కుడదామని మార్లిస్ గారు ప్రకటించగానే, సిగ్నె కుర్చీ ఎక్కి మరీ చెయ్యెత్తింది.

మార్లిస్ గారు క్లబ్బు పెద్ద. ఆవిడ గురించి ఒక్కటి చెప్తే చాలు: వాళ్ళింట్లో చెత్తబుట్టకి కూడా కుచ్చుల తొడుగు ఉంటుంది. తొమ్మిదిమంది పిల్లలు, చర్చి కింద గది, శనివారం పొద్దుట. ఒక్కొక్కరూ ఒక్కో గడి కుట్టాలి. గడి మీద తమకి నచ్చిన బొమ్మ గుడ్డతో కత్తిరించి అతకాలి. తొమ్మిది గడులూ కలిపితే బొంత. ఆగస్టులో కౌంటీ సంతలో, అంటే మా జిల్లా సంతలో, పోటీకి పెట్టి, బహుమతి రిబ్బను తెచ్చుకుని, ఆ తర్వాత దానం. సేవ సేవే, రిబ్బను రిబ్బనే.

మా ఊరివాళ్ళం చాలా మర్యాదస్తులం. ఎవరూ ఎవర్నీ తిట్టరు. నచ్చకపోతే "అదోరకంగా ఉంది" అంటారు. ఆ మాట పడ్డాక ఇంటి రంగు మార్చుకున్నవాళ్ళని నేనెరుగుదును. మా గరాజు బూడిదయ్యాక పక్కింటాయన వచ్చి చాలాసేపు చూసి, "అదోరకంగా వేయించావు, ఆర్లెన్," అన్నాడు. నేను వారం రోజులపాటు వీధి తలుపు వాడలేదు.

సిగ్నె పంది బొమ్మ కుట్టింది. గులాబీ రంగు ఫ్లానెల్ గుడ్డ, నాలుగు కాళ్ళు నాలుగు పొడవులు, చెవులు రెండూ ఒకే వైపు.

"ఏంటో చెప్పు చూద్దాం," అని నా ముందు పెట్టింది.

"నువ్వే చెప్పరాదూ?"

"పంది!" అని గంతేసింది. "తెలీలేదు కదా? తెలీకూడదు నాన్నా. బాగుంటే ఎవరూ ఏమీ మాట్లాడరు. 'అబ్బ, పంది' అనేసి ఊరుకుంటారు. మళ్ళీ ఇల్లు కాలుతూనే ఉంటుంది, ఆ పిల్ల దాన్నే చూస్తూ కూర్చుంటుంది. ఇదయితే వాదించుకోవచ్చు."

"సరే," అన్నాను.

తండ్రన్నవాడు పిల్లల మాట వింటాడు. విని, మర్నాడు భోజనాల వేళకి ఆఫీసునుంచి ఇంటికొచ్చి, ఎవరూ లేకుండా చూసి, పందికి తోక కుడతాడు. ముద్దొచ్చే తోక. మూడు మెలికలు తిప్పాను. రెండు గంటలు పట్టింది, రెండు వేళ్ళకి గుచ్చుకుంది. ఇప్పుడు దాన్ని ఎవరైనా పంది అనే అంటారు. పిల్లకి సాయం చేశానన్న తృప్తితో, అది చూడకముందే గడిని నేనే తీసుకెళ్ళి మార్లిస్ గారికి అప్పగించాను.

మా ఆవిడ కార్నా ఆ రాత్రి నా వేళ్ళకున్న పట్టీలు చూసి, "ఏం కుట్టావు?" అంది.

"కొద్దిగా," అన్నాను.

నేనొక్కణ్ణే అనుకున్నాను. తొమ్మిది ఇళ్ళలోనూ ఇదే జరుగుతోందని నాకెలా తెలుస్తుంది? శనివారాలు పిల్లల్ని దింపడానికి వచ్చినప్పుడు తల్లిదండ్రులందరం మర్యాదగా నవ్వుకునేవాళ్ళం. బల్ల మీద పళ్ళెంలో మిగిలిన ఆఖరి కేకుముక్కని ఎవరూ తీసుకునేవారు కాదు. ఒకరు సగం కోసేవారు, ఇంకొకరు అందులో సగం. వెళ్ళేటప్పటికి గోరంత ముక్క మిగిలేది. అందరి వేళ్ళకీ పట్టీలు ఉండేవి. ఎవరూ అడగలేదు.

సంతకి రెండు రోజుల ముందు మార్లిస్ గారు చర్చి బయట నా కారు కిటికీ తట్టి ఒక కవరు అందించారు.

"ఏమీ అనుకోకు ఆర్లెన్. సిగ్నె పంది చాలా... అదోరకంగా ఉంది."

నేను వేళ్ళు స్టీరింగు కిందకి దాచుకున్నాను.

"ఆ స్థానంలో ఒక నక్షత్రం వేశాను, బొంతకి అందంగా ఉంటుందని. పాపకి నువ్వు నెమ్మదిగా చెప్తావు కదూ?"

"తప్పకుండా," అన్నాను. కవరు డాష్‌బోర్డు అరలో, కెచప్ పొట్లాల పక్కన పెట్టాను. చెప్పడానికి మంచి సమయం కోసం రెండు రోజులు వెతికాను. దొరకలేదు.

కౌంటీ సంతలో కుట్టుపనుల హాలు పందుల కొట్టాం పక్కనే ఉంటుంది. మా బొంత అక్కడ మడతపెట్టి బల్ల మీద ఉంది. ఇక్కడి పోటీలో న్యాయనిర్ణేత బొంతను చూసి మార్కులు వేసేసి వెళ్ళిపోరు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఎదురుగా కూర్చోబెట్టి ఎలా కుట్టావో అడుగుతారు. పెద్దవాళ్ళు పసుపు తాడు వెనక నిలబడాలి, నోరెత్తకూడదు. ఈ పద్ధతి ఏళ్ళుగా ఉంది. మా తొమ్మిది కుటుంబాల్లో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ రోజు వచ్చినావిడ వెర్డా గారు. నలభై ఏళ్ళు బళ్ళో కుట్టుపని నేర్పి రిటైరయ్యారు. మార్లిస్ గారి పదకొండేళ్ళ కొడుకు కోల్బీ మొదట కూర్చున్నాడు.

"ఈ ట్రాక్టరు నీదేనా బాబూ?"

"అవునండీ."

"చక్రాలకి ఇంత సన్నని కుట్టు ఎలా వేశావు?"

కోల్బీ ఆలోచించాడు. అబద్ధమాడటం వాడికి రాదు. మార్లిస్ గారి పెంపకం అలాంటిది.

"నాకు తెలీదండీ. నేనప్పుడు ఈతకి వెళ్ళాను."

"మరెవరు వేశారు?"

"చెప్పొద్దన్నారండీ."

"ఎవరు?"

"మా అమ్మ."

తాడు వెనక మేమందరం ఒక్కసారిగా తలలెత్తి పైకప్పు దూలాలను పరిశీలించడం మొదలుపెట్టాం. మంచి దూలాలు.

తర్వాత పొద్దుతిరుగుడు పువ్వు కుట్టిన పిల్ల. "రేకులన్నీ ఇంత సమానంగా ఎలా వచ్చాయమ్మా?" అనడిగారు వెర్డా గారు.

"మా నాన్న ఇంజనీరండీ," అంది ఆ పిల్ల.

"నువ్వెన్ని రేకులు పెట్టావు?"

"ఆరండీ. మంగళవారం లేచి చూస్తే ఇరవై నాలుగున్నాయి."

సిగ్నె వంతు వచ్చింది. కూర్చుని, బొంత మొత్తం విప్పి, మధ్య గడి చూసింది. అక్కడ నక్షత్రం ఉంది. సూదిమొనల్లాంటి ఎనిమిది కొనలతో.

"ఇది నాది కాదండీ. నాది పంది. ఇక్కడే ఉండాలి." వెనక్కి తిరిగింది. మార్లిస్ గారి వంక కాదు, నా వంకే చూసింది. నేను దూలాల వంక చూశాను. అప్పటికే అన్నీ చూసేశాను.

"నాన్నా, నా పందేది?"

"కార్లో ఉంది," అన్నాను. "క్షేమంగానే ఉంది."

"తీసుకురండి," అన్నారు వెర్డా గారు.

తెచ్చాను. ఆవిడ భూతద్దం పెట్టి చూశారు. "శరీరం పిల్లపనే. చాలా నిజాయితీగల కుట్టు. తోక మాత్రం నలభై దాటినవాళ్ళ పని."

"తోకా?" సిగ్నె గడి లాక్కుని చూసింది. "నేను తోక పెట్టలేదే!"

పక్క కొట్టాంలో ఒక నిజమైన పంది గట్టిగా అరిచింది.

"నాన్నా?"

"కొద్దిగా," అన్నాను.

"ఇప్పుడు అందరికీ పందని తెలిసిపోతుంది!" దాని కళ్ళనిండా నీళ్ళు. "ఇల్లు కాలుతుంటే ఆ పిల్ల ఇంక దేనిగురించి వాదించాలి?"

వెర్డా గారికి అర్థం కాలేదు. సిగ్నె ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. ఇంజను మెట్టు, బాతు, కెటిలు, కారిపోతున్న టీ, కప్పు కూలడం తనకి అసలు వినపడకపోవడం. మార్లిస్ గారు ఆ కథ ఎప్పుడూ విన్నట్టు లేదు. ఆవిడ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

వెర్డా గారు గడియారం చూశారు. "పోటీ ఐదింటికి ముగుస్తుంది. ఇప్పుడు రెండుంపావు. పెద్దవాళ్ళందరూ ఇటు రండి. ఎవరు వేసిన కుట్లు వాళ్ళే విప్పండి. కొత్తది ఒక్కటి వేశారో, చూస్తూ ఊరుకోను. విప్పేసి మళ్ళీ తాడు వెనక్కి."

మొదట కదిలింది మార్లిస్ గారు. సంచి తెరిచి అడుగునుంచి ఒక ఆకుపచ్చ గుడ్డముక్క తీశారు. కోల్బీ అసలు ట్రాక్టరు. మూడు చక్రాలు, అందులో ఒకటి పైన.

"ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా?" అన్నారు నెమ్మదిగా.

హ్యాండుబ్యాగులు తెరుచుకున్నాయి. ఇంజనీరు పర్సులోంచి ఆరు రేకులూ వచ్చాయి. ఒకావిడ తన కళ్ళద్దాల పెట్టెలోంచి ఒంటికన్ను పిల్లిని తీసింది. ఒక్కరూ పారేయలేదు. పారేయడానికి మనసొప్పదు, చూపించడానికి ముఖం చెల్లదు. మధ్యతరగతి సంచుల బరువంతా అదే.

విప్పడం మొదలైంది. తొమ్మిదిమంది పెద్దవాళ్ళం వరసగా తలలు వంచుకుని కూర్చుంటే తొమ్మిదిమంది పిల్లలు మా వెనక నిలబడి పర్యవేక్షించారు.

"అక్కడ ఒకటి వదిలేశావమ్మా," అన్నాడు కోల్బీ.

"చూశాన్రా."

"చూస్తే తియ్యి మరి."

నా తోక ఒక పట్టాన రాలేదు. బీమా మనిషిని, ఎందుకైనా మంచిదని రెండుసార్లు కుట్టాను. సిగ్నె నా భుజం మీదనుంచి చూస్తోంది.

"మెల్లిగా. పందికి గుచ్చుకుంటుంది."

"సిగ్నె, నువ్వు చెప్పింది విన్నానమ్మా. అర్థం కాలేదంతే."

"మరి సరేనన్నావుగా?"

"పెద్దవాళ్ళు విన్నా చాలు, సరేననేస్తారు."

"అర్థమైతే ఏమంటారు?"

"ఏమీ అనరు. తోక కుట్టరు."

అది కాసేపు ఆలోచించి, విప్పిన దారాన్ని నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకుంది. ఎందుకని నేనడగలేదు.

మూడింటికి మేం తాడు వెనక్కి వచ్చాం. ఆ తర్వాతి రెండు గంటలూ మా జీవితంలో చాలా కష్టమైనవి. పిల్లల్లో ఒకడు దారానికి ముడి వెయ్యకుండా కుట్టుకుంటూ పోయి, చివర్లో లాగితే మొత్తం ఊడి చేతికొచ్చింది. పిల్లి తలకిందులైంది. ఇంజనీరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మార్లిస్ గారు రెండు చేతులతో తాడు పట్టుకున్నారు, గుంజలు కదులుతున్నాయి. పిల్లలు మాత్రం అల్లరి అల్లరిగా, ఒకళ్ళ మోచేతులు ఒకళ్ళకి తగులుతూ, పాటలు పాడుకుంటూ కుట్టారు. సిగ్నె తన పంది గడిని నక్షత్రం మీదే పరిచి చుట్టూ కుట్టేసింది. నక్షత్రం శాశ్వతంగా అస్తమించింది.

ఐదింటికి పది నిమిషాలుందనగా కోల్బీ, "అయిపోయింది!" అని లేచాడు. వాడితోపాటు బొంత కూడా లేచింది. ట్రాక్టరుని బొంతకీ, బొంతని తన నిక్కరుకీ కలిపి కుట్టుకున్నాడు. ఎనిమిదిమంది పిల్లలూ నేల మీద పడి దొర్లారు. వాడు వదిలించుకోబోయి గిర్రున తిరిగితే బొంత వాడి వెనకాలే తిరిగింది.

అప్పుడు వినిపించింది ఒక శబ్దం. ముందు కొట్టాంలోనుంచి అనుకున్నాం. మార్లిస్ గారు నవ్వుతున్నారు. నోరు పూర్తిగా తెరిచి, తాడు మీదికి వాలిపోయి, కళ్ళెంబడి నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నారు. ఆవిడ శబ్దం చేస్తూ నవ్వుతారని ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఇంక మేమెవరమూ ఆగలేదు. గోడవైపు తిరిగిన ఇంజనీరు కూడా.

వెర్డా గారే స్వయంగా కోల్బీని నిక్కరునుంచి విడిపించి, మళ్ళీ పిల్లలందర్నీ కూర్చోబెట్టి అడిగారు. ఈసారి అందరికీ సమాధానాలు తెలుసు. ఒక్కొక్కరినీ ఆపడం ఆవిడ వల్ల కాలేదు. తెల్ల రిబ్బను ఇచ్చారు. మా కౌంటీలో తెల్ల రిబ్బనంటే హాజరయ్యారని అర్థం. అన్నిటికంటే పెద్ద బహుమతి, ఊదా రిబ్బను, పక్క ఊరి క్లబ్బుకి పోయింది. వాళ్ళు ప్రశ్నలన్నిటికీ చక్కగా జవాబులు చెప్పారట. ముందే రిహార్సలు వేసుకుంటారని విన్నాను. నేనేమీ అనను.

మార్లిస్ గారు బొంత ముందు నిలబడి, మధ్యలో పందిని చాలాసేపు చూశారు. అంచు ఒకచోట వంకర పోయింది. ఆవిడ వేలు అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"అదోరకంగా ఉంది," అన్నారు.

"థాంక్సండీ!" అంది సిగ్నె.

సంతలో ఏటా జరిగే ఊరేగింపు ముగించుకుని ఫైరింజను హాలు ముందే వచ్చి ఆగింది. డెల్మర్ దిగి, చేతికంటిన ఆవాల సాసు తుడుచుకుని, బొంతని ఇంజను మెట్టు మీద పరిచాడు.

"మేఘమా ఇది?"

"కాదు," అంది సిగ్నె. పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"అయితే బంగాళాదుంప."

"బంగాళాదుంపకి చెవులుంటాయా?"

"చెవులు కాదవి, మొలకలు."

"నాకు తొమ్మిదేళ్ళండీ. నేను చాలా బంగాళాదుంపల్ని చూశాను."

డెల్మర్ వంగి ఇంకా దగ్గరగా చూశాడు. వెనకవైపు, తోక ఉన్నచోట, సూది చిల్లులు మూడు మెలికలు తిరిగి ఉన్నాయి. "మరి ఈ చిల్లులేంటి?"

"అది మా నాన్న," అంది సిగ్నె.

డెల్మర్ మా గరాజుని చూసినవాడు. "ఓహో," అని ఊరుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆర్లెన్, నువ్వైనా చెప్పు. ఏంటిది?"

అది పంది. నాకంటే బాగా ఈ భూమ్మీద ఒక్కరికే తెలుసు, ఆ ఒక్కరూ ఊపిరి బిగబట్టి నా మొహంలోకే చూస్తున్నారు. నేను తల ఒక పక్కకి వంచి చూశాను. ఇంకో పక్కకి వంచి చూశాను.

"బూటు," అన్నాను.

"కానే కాదు!" అని అరిచింది సిగ్నె, ఆనందం పట్టలేక. "నాన్నా, బూటుకి ముక్కుంటుందా?"

"అది ముక్కు కాదు. లేసు."

"లేసు గుండ్రంగా ఉంటుందా?"

"తడిస్తే ఉంటుంది," అన్నాడు డెల్మర్, నా తరఫున.

కోల్బీ వచ్చి అది తప్పకుండా ఇంకో ట్రాక్టరే అన్నాడు. మార్లిస్ గారు నిమ్మరసం గ్లాసుతో వచ్చి, ఎవరూ అడక్కపోయినా, తనకి మొదట్నుంచీ అది గుమ్మడికాయలాగే కనిపించిందన్నారు. బొంతని మడిచి ఇంజను అరలో పెట్టి తలుపు వేశాక కూడా సిగ్నె, డెల్మర్ ఇంకా తేల్చుకోలేదు.